గూగుల్ వద్దన్న కాయిన్ యాడ్ మన వాట్సాప్ గ్రూప్‌కి ఎలా వస్తోంది?

ఈ సైట్‌లో మనం ఎక్కువగా ఫోన్ల గురించే మాట్లాడుకుంటాం. కెమెరా ఎలా ఉంది, బ్యాటరీ ఎంతసేపు వస్తోంది, పదిహేను వేలకి ఏది బెటర్, ఇవే. ఈసారి ఫోన్ గురించి కాదు, ఆ ఫోన్ స్క్రీన్ మీద కనిపించే ఒక రకం యాడ్ గురించి. "కొత్త కాయిన్ లాంచ్ అవుతోంది, ముందే కొన్నవాళ్లకి తక్కువ ధర" అని మెరుస్తూ వచ్చే బ్యానర్ మీరూ చూసే ఉంటారు. అలాంటి యాడ్ పెట్టడానికి సాయం చెయ్యమని నన్నే అడిగారు. ఆ రోజు నుంచి ఈ విషయం బుర్రలో తిరుగుతూనే ఉంది. అందుకే రాస్తున్నాను.

అడిగినవాడు బీటెక్‌లో నాకు రెండేళ్ల జూనియర్. ఉండేది మాణికేశ్వర్ నగర్‌లో. తెలియనివాళ్ల కోసం: ఉస్మానియా క్యాంపస్‌ని ఆనుకుని, తార్నాక దగ్గర్లో ఉండే బస్తీ ఇది. పాతవాళ్లు వడ్డెర బస్తీ అంటారు. హాస్టల్ సీటు దొరకనివాళ్లు, చదువు అయిపోయినా గ్రూప్స్‌కో కానిస్టేబుల్‌కో ప్రిపేర్ అవుతూ ఉండిపోయినవాళ్లు ఇక్కడ రూమ్‌లు తీసుకుని ఉంటారు. మావాడి రూమ్‌కి వెళ్లేసరికి నలుగురు ఒక ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నారు.

"అన్నా, కాయిన్ చేసినం. గూగుల్ల యాడ్ పెడ్తమంటే రిజెక్ట్ కొడ్తుంది. క్రిప్టోకి వేరే యాడ్ నెట్‌వర్క్‌లు ఉన్నయంట గదా, జర సెట్ చేసి ఇయ్యరాదు" అన్నాడు.

తలా అరవై వేలు వేసుకున్నారు. మొత్తం రూ.2,40,000. అందులో 2 లక్షలు కాయిన్ ట్రేడింగ్ మొదలవడానికి, 40 వేలు యాడ్లకి. కోడ్ బాగానే రాశాడు. నిజానికి అందులో పెద్దగా రాయాల్సింది కూడా ఏమీ లేదు. టోకెన్‌కి 2015 నుంచే ఒక స్టాండర్డ్ ఉంది, రెడీమేడ్ కోడ్ దొరుకుతుంది, పేరూ సంఖ్యా మారిస్తే చాలు. టోకెన్ చేయడం ఒక సాయంత్రం పని. దాన్ని ఎవరో ఒకరు కొనేలా చేయడమే అసలు పని. యాడ్ నెట్‌వర్క్ అవసరం వచ్చేది అక్కడే.

పెద్ద తలుపులు ఎందుకు మూసుకున్నాయి?

2017లో ఐసీఓల హడావుడి నడిచింది. అంటే కంపెనీ షేర్ అమ్మినట్టు కొత్త టోకెన్‌ని నేరుగా జనానికి అమ్మడం. చాలామంది డబ్బు పోగొట్టుకున్నారు. దాంతో 2018 జనవరిలో ఫేస్‌బుక్, మార్చిలో గూగుల్, ట్విట్టర్ ఈ యాడ్లని నిషేధిస్తున్నట్టు ప్రకటించాయి. తర్వాత కొంత సడలించాయి. ఉదాహరణకి 2021 ఆగస్టు నుంచి గూగుల్ అమెరికాలో రిజిస్టర్ అయిన ఎక్స్‌ఛేంజ్‌లు, వాలెట్ల యాడ్లని షరతులతో అనుమతించింది. కొత్త టోకెన్ అమ్మకాలకి మాత్రం ఆ సడలింపు ఇవ్వలేదు. మావాడి యాడ్ రిజెక్ట్ అయింది అందుకే.

మన దేశంలో కూడా అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్, అంటే ఆస్కీ, 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చేలా రూల్స్ పెట్టింది. క్రిప్టో ఉత్పత్తుల మీద నియంత్రణ లేదని, రిస్క్ చాలా ఎక్కువని, నష్టపోతే చట్టపరంగా ఆసరా దొరక్కపోవచ్చని ప్రతి యాడ్‌లోనూ స్పష్టంగా చెప్పాలి. "కరెన్సీ" అనే మాటే వాడకూడదు. సెలబ్రిటీలు కూడా తాము చెప్పేది నిజమో కాదో ముందు కనుక్కోవాలి. కాకపోతే ఆస్కీ అనేది పరిశ్రమ తనకి తాను పెట్టుకున్న సంస్థ. విదేశంలో ఉన్న నెట్‌వర్క్ ద్వారా, పేరు కూడా లేని వెబ్‌సైట్ ఇచ్చిన బ్యానర్ దగ్గరికి దాని చెయ్యి ఎంతవరకు వెళ్తుందో మీకే తెలుసు.

ఇప్పుడు ఆ వేరే తలుపు సంగతి. ప్రధానంగా క్రిప్టోకి పనిచేసే యాడ్ నెట్‌వర్క్‌లు చాలానే ఉన్నాయి: ఎ-యాడ్స్, కాయిన్‌జిల్లా, బిట్‌మీడియా, కాయిన్‌ట్రాఫిక్ వగైరా. ఎ-యాడ్స్ 2011 నుంచే ఉంది, దాని పూర్తి పేరే "అనామక యాడ్లు" అని అర్థం వచ్చేది. ఒకపక్క క్రిప్టో వార్తలు, ధరలు చూపించే సైట్లు ఉంటాయి. ఇంకోపక్క యాడ్ ఇవ్వాలనుకునేవాళ్లు. మధ్యలో నెట్‌వర్క్. వెయ్యిసార్లు కనిపిస్తే ఇంత, ఒక క్లిక్‌కి ఇంత అని రేటు. డబ్బు బిట్‌కాయిన్‌లోనో డాలర్‌తో ముడిపడిన కాయిన్‌లోనో కట్టొచ్చు. బ్యానర్లతో పాటు పెయిడ్ ఆర్టికల్స్ వేయించే ప్యాకేజీలు కూడా ఈ మార్కెట్‌లో దొరుకుతాయి.

ఈ నెట్‌వర్క్‌లు ఉండటమే తప్పు అని నేను అనను. హార్డ్‌వేర్ వాలెట్ అమ్మే కంపెనీ, డెవలపర్ల కాన్ఫరెన్స్ పెట్టేవాళ్లు, రిజిస్టర్ అయిన ఎక్స్‌ఛేంజ్, వీళ్లకీ యాడ్ కావాలి. వాళ్ల కస్టమర్ నిజంగా ఆ సైట్లలోనే ఉంటాడు. నా అభ్యంతరం కొత్త టోకెన్‌ని ఈ దారిలో తోయడం మీద. ఎందుకో లెక్క వేసి చూపిస్తాను.

రూ.2 లక్షలతో 20 లక్షల కాయిన్

మావాళ్ల ప్లాన్ ఇది. మొత్తం 100 కోట్ల టోకెన్లు. 60 కోట్లు నలుగురి దగ్గర. 30 కోట్లు ఫ్రీగా పంచడానికి, ప్రచారానికి. మిగిలిన 10 కోట్ల టోకెన్లని 2 లక్షల రూపాయల విలువైన స్టేబుల్‌కాయిన్‌తో కలిపి ఒక పూల్‌లో పెడతారు. ఇలాంటి ఎక్స్‌ఛేంజ్‌లలో కొనేవాడికి ఎదురుగా అమ్మేవాడు ఉండడు, పూలే ఉంటుంది. దాని ఫార్ములా ఇంటర్‌లో వచ్చిన లెక్కంత సింపుల్: పూల్‌లో ఉన్న టోకెన్లని పూల్‌లో ఉన్న డబ్బుతో గుణిస్తే వచ్చే సంఖ్య మారకూడదు.

మొదటి ధర: 2 లక్షల్ని 10 కోట్లతో భాగిస్తే ఒక టోకెన్ 0.2 పైసా. దాన్ని మొత్తం 100 కోట్లతో గుణిస్తే "మార్కెట్ క్యాప్" 20 లక్షలు. చూశారా, జేబులోంచి పెట్టింది 2 లక్షలు, బ్యానర్ మీద రాసుకోగలిగింది 20 లక్షలు. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు.

ఇప్పుడు యాడ్ పనిచేసి, బయటి జనం అందరూ కలిసి లక్ష రూపాయలు పెట్టారనుకోండి. పూల్‌లో డబ్బు 3 లక్షలు అవుతుంది, టోకెన్లు సుమారు 6.67 కోట్లకి తగ్గుతాయి. ధర 0.45 పైసాకి వెళ్తుంది. అంటే 125 శాతం పెరిగింది! మార్కెట్ క్యాప్ 45 లక్షలు. రెండో విడత బ్యానర్ రెడీ.

ఇక్కడ నలుగురూ తమ 60 కోట్ల టోకెన్లని ఒకేసారి అమ్మితే? ఫీజులు పక్కన పెడితే, పూల్‌లో ఉన్న 3 లక్షల్లో 2 లక్షల 70 వేలు వాళ్ల చేతికి వస్తాయి. పూల్‌లో మిగిలేది 30 వేలు. ధర 99 శాతం పడిపోతుంది. లక్ష పెట్టినవాళ్లందరూ కలిసి ఆ తర్వాత అమ్ముకుంటే వాళ్లకి వచ్చేది సుమారు రూ.1,430. మీరే క్యాలిక్యులేటర్ తీసి చూసుకోండి.

ఇంకో విషయం గమనించారా? ఈ లెక్కలో వాళ్లు పూల్‌ని ముట్టుకోలేదు. తమ టోకెన్లు అమ్ముకున్నారు, అంతే. ఇలాంటి యాడ్లలో "లిక్విడిటీ లాక్ చేశాం" అని పెద్దగా రాస్తారు. పూల్‌కి తాళం వేసినా, 60 శాతం టోకెన్లు ఒకళ్ల దగ్గరే ఉంటే ఆ తాళం కొన్నవాడిని కాపాడదు. "ఆడిట్ అయింది" అనే ముద్ర కూడా అంతే. ఆడిట్ ప్రధానంగా కోడ్‌లో బగ్‌లు చూస్తుంది. ఎవరి దగ్గర ఎన్ని ఉన్నాయో, ఎప్పుడు అమ్ముతారో దాని పని కాదు.

మా నలుగురు మోసగాళ్లని నేను చెప్పడం లేదు. అమ్మేసి పారిపోదామని వాళ్లు అనుకోలేదు, "యాప్ తర్వాత చేద్దాం" అనుకున్నారు. కానీ యాడ్‌కి పెట్టిన 40 వేలు ఎక్కడి నుంచి తిరిగి రావాలి? ఫోన్ కంపెనీ కూడా యాడ్ ఖర్చు మన దగ్గరే వసూలు చేస్తుంది, కాదనను. అయితే దానికి బదులు మన చేతిలో ఒక ఫోన్ ఉంటుంది. కంపెనీ మూతపడినా ఆ ఫోన్ కాల్ చేస్తుంది. వెనకాల ఏ వస్తువూ లేని టోకెన్‌కి యాడ్ ఖర్చు తిరిగొచ్చే దారి ఒక్కటే: తర్వాత కొనేవాడి జేబు. అంటే ఆ బ్యానర్‌కి బిల్లు కట్టేది దాన్ని చూసి నమ్మినవాడే.

ఇలాంటి కథలు పెద్ద స్థాయిలో కూడా చూశాం. 2021 నవంబర్ 1న ఒక పాపులర్ వెబ్ సిరీస్ పేరు వాడుకున్న "స్క్విడ్" టోకెన్ 2,800 డాలర్లు దాటి, నిమిషాల్లో దాదాపు సున్నాకి పడింది. కొన్నవాళ్లలో చాలామంది అసలు అమ్ముకోలేకపోయారు. ఆ సిరీస్‌కీ టోకెన్‌కీ సంబంధం లేదు. 2024 డిసెంబర్‌లో ఒక వైరల్ వీడియోతో ఫేమస్ అయిన అమ్మాయి పేరుతో వచ్చిన "హాక్" టోకెన్ కొన్ని గంటల్లోనే 90 శాతం పైగా పోగొట్టుకుంది.

"క్లిక్‌లు రాకున్నా పర్లేదు అన్నా"

ఈ లెక్క అంతా చెప్పాక ఇంకో మాట అన్నాను: "సరే, ఆ సైట్లు చూసేవాళ్లు ఎక్కువగా బయటి దేశాలవాళ్లు, క్రిప్టోలో ముదిరినవాళ్లు. నీ తెలుగు కాయిన్‌ని వాళ్లెందుకు కొంటరు?"

మావాడు నవ్వాడు. "క్లిక్‌లు రాకున్నా పర్లేదు అన్నా. మనది ఆ సైట్ల కనిపిస్తే చాలు. స్క్రీన్‌షాట్ తీసి మన గ్రూపుల పెడ్తం."

నాకు అప్పుడు వెలిగింది. అప్పటిదాకా యాడ్ నెట్‌వర్క్ అంటే క్లిక్‌లు, కన్వర్షన్లు అనే అనుకున్నాను. ఇక్కడ యాడ్ కొనేది అక్కడి పాఠకుడి కోసం కాదు, ఇక్కడి ఫార్వర్డ్ కోసం. విదేశీ సైట్ లోగో, దాని కింద మన కాయిన్ పేరు. స్క్రీన్‌షాట్‌ని కొంచెం క్రాప్ చేస్తే "స్పాన్సర్డ్" అనే చిన్న అక్షరాలు పోతాయి. వాట్సాప్‌లో చూసేవాడికి అది యాడ్ కాదు, వార్త. గూగుల్ వద్దన్న యాడ్ ఇలా చుట్టు తిరిగి మన ఫ్యామిలీ గ్రూప్‌లోకి వస్తుంది, అదీ తెలిసినవాడి చేతుల మీదుగా.

మన దగ్గర కాయిన్లు అమ్ముడయ్యేది తెలిసినవాళ్ల ముఖం చూసే కదా. 2024లో నిర్మల్ జిల్లాలో బయటపడిన యూబిట్ కాయిన్ వ్యవహారం గుర్తుందా? గొలుసుకట్టు పద్ధతిలో జనాన్ని చేర్పించారన్న కేసులో అరెస్టయినవాళ్లలో ప్రభుత్వ ఉపాధ్యాయులు కూడా ఉన్నారు. ఊళ్లో సార్ చెబితే నమ్మకుండా ఎలా ఉంటారు? అలా చెప్పేవాడి చేతికి "ఇదిగో, ఇంటర్నేషనల్ సైట్‌లో కూడా వచ్చింది" అని చూపించడానికి ఒక బొమ్మ దొరికితే, అడిగే ఒకటి రెండు ప్రశ్నలు కూడా ఆగిపోతాయి.

నేనూ ఈ గొయ్యిలో పడ్డవాడినే. 2021లో ఫైనల్ ఇయర్‌లో ఉండగా ఇలాంటి ఒక స్క్రీన్‌షాట్ చూసి, ఇంటర్న్‌షిప్ స్టైపెండ్‌లోంచి 8 వేలు ఒక టోకెన్‌లో పెట్టాను. ధర పెరుగుతూనే కనిపించింది, అమ్మబోతే మాత్రం ట్రాన్సాక్షన్ ఫెయిల్. కాంట్రాక్ట్ కోడ్ తెరిచి చూస్తే ఓనర్ వాలెట్ తప్ప ఎవరూ అమ్మకుండా ఒక కండిషన్ రాసి ఉంది. ఆ కోడ్ చదవడం నాకు అప్పటికే వచ్చు. కొనేముందు చదవలేదు, అంతే. చదవడం వచ్చిన నా పరిస్థితే అది.

"లీగలే కదా?"

మావాడి నెక్స్ట్ పాయింట్ ఇది. నిజమే, క్రిప్టో కొనడం అమ్మడం మన దేశంలో నేరం కాదు. బ్యాంకులు సేవలు ఇవ్వకూడదన్న 2018 ఆర్‌బీఐ సర్క్యులర్‌ని సుప్రీంకోర్టు 2020 మార్చి 4న కొట్టేసింది. 2022 ఏప్రిల్ నుంచి లాభం మీద 30 శాతం పన్ను, అదే ఏడాది జులై నుంచి 1 శాతం టీడీఎస్ ఉన్నాయి. ఒక కాయిన్‌లో వచ్చిన నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలోంచి తీసేసుకునే వీలు కూడా లేదు. 2023 మార్చి నుంచి ఎక్స్‌ఛేంజ్‌లు మనీలాండరింగ్ నిరోధక చట్టం కిందికి వచ్చాయి.

వీటిలో ఏదీ ఒక టోకెన్ మంచిదని ఇచ్చిన సర్టిఫికెట్ కాదు. పన్ను వేశారు కాబట్టి ప్రభుత్వం ఒప్పుకుంది అనుకోవడం పొరపాటు. పైగా "మేం యాడ్ మాత్రమే చేశాం" అన్న మాట ఇకమీద అంత తేలిగ్గా చెల్లదు. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లని ప్రమోట్ చేశారని హైదరాబాద్‌లో సినీ నటుల మీద, యూట్యూబర్ల మీద పోలీసులు కేసులు పెట్టారు. అవి బెట్టింగ్ కేసులు, క్రిప్టో కావు. కోర్టులో ఏం తేలుతుందో అది వేరే సంగతి. కానీ ప్రమోట్ చేసినవాడిని కూడా ప్రశ్న అడిగే రోజులు వచ్చాయని అర్థం చేసుకోవాలి.

"గూగుల్, ఇన్‌స్టాలో మాత్రం మోసం యాడ్లు రావట్లేదా?" అని కూడా అడగొచ్చు. వస్తున్నాయి, బోలెడు. అక్కడ కనీసం ఒక రూల్ ఉంది, దాన్ని తప్పించుకుని వస్తున్నాయి. కొత్త టోకెన్ యాడ్ తీసుకోవడమే వ్యాపారంగా ఉన్నచోట ఆ మొదటి అడ్డు కూడా లేదు.

మరి ఏం చేద్దాం?

మొదట మాలాంటి ఇంజనీర్లకి. టోకెన్ యాడ్ చెయ్యమని ఎవరైనా అడిగితే ఒక షరతు పెట్టండి: బ్యానర్ మీదే మూడు అంకెలు, చదవగలిగే సైజులో. టీమ్ దగ్గర ఎంత శాతం ఉంది. పూల్‌లో నిజంగా ఎంత డబ్బు ఉంది. టీమ్ టోకెన్లు ఏ తేదీ దాకా అమ్మలేరు. ఈ మూడూ రాశాక కూడా ఎవరైనా కొంటే, తెలిసి కొన్నట్టు. రాస్తే ఎవరూ కొనరు అనిపిస్తే, మీరు చేస్తున్నది ఆ మూడు అంకెల్ని దాచే పని అన్నమాట.

రెండోది తెలుగు టెక్ సైట్లకి. మనకి యాడ్ ఆదాయం ఎంత తక్కువో తెలుసు. అయినా కొత్త టోకెన్ల యాడ్లు, పెయిడ్ ఆర్టికల్స్ వద్దు. సైట్ భద్రత సంగతి కూడా ఉంది. 2022 మేలో ఎథర్‌స్కాన్, కాయిన్‌గెకో లాంటి పేరున్న సైట్లలోనే, యాడ్ నెట్‌వర్క్ ద్వారా వచ్చిన హానికరమైన స్క్రిప్ట్ వల్ల వాలెట్ కనెక్ట్ చెయ్యమని ఫిషింగ్ పాప్-అప్‌లు వచ్చాయి. సైట్ హ్యాక్ అవలేదు, యాడ్ లోపలికి వచ్చింది. పాఠకుడి దృష్టిలో మాత్రం అది ఆ సైట్ చూపించిందే.

మూడోది మీకు. స్క్రీన్‌షాట్ వస్తే, ఆ పేజీని బ్రౌజర్‌లో మీరే తెరవండి, "స్పాన్సర్డ్" ఉందేమో చూడండి. టోకెన్ అడ్రస్‌ని బ్లాక్ ఎక్స్‌ప్లోరర్‌లో వేసి "హోల్డర్స్" నొక్కండి, ఫోన్‌లోనే రెండు నిమిషాల పని. పూల్ అడ్రస్ పక్కన పెట్టి, మిగతా వాలెట్లలో పై రెండు మూడింటి దగ్గరే సగం పైగా ఉంటే వదిలేయండి. యాడ్ నుంచి వచ్చిన ఏ పేజీలోనూ వాలెట్ కనెక్ట్ చెయ్యకండి. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి కాల్ చెయ్యండి, సిగ్గుపడి ఆలస్యం చెయ్యొద్దు.

చివరికి మావాడి సంగతి. నా లెక్క విని వాడు ఆగాడని చెప్తే అబద్ధం అవుతుంది. "చూద్దాం అన్నా" అన్నాడు, అంతే. రెండు రోజుల తర్వాత ఫోన్ చేశాడు. పక్క రూమ్‌లో కానిస్టేబుల్ జాబ్‌కి ప్రిపేర్ అయ్యే అబ్బాయి వచ్చి, "మీ కాయిన్ ఎప్పుడొస్తది? ఇంట్ల నుంచి కోచింగ్ ఫీజుకి పంపిన ఐదు వేలు ఉన్నయ్, ముందే పెడ్త" అన్నాడంట.

"అన్నా, ఆ పిలగానికి అరవై శాతం మా దగ్గర్నే ఉందని చెప్పబుద్ధి కాలే. చెప్పకుండ తీస్కోబుద్ధి కాలే" అన్నాడు.

యాడ్ పెట్టలేదు. నలుగురిలో ఇద్దరికి ఇప్పటికీ నా మీద కోపం ఉంది. 40 వేలు మాత్రం అలాగే ఉన్నాయి, ముందు యాప్ చేద్దామని మావాడు పట్టుబట్టి కూర్చున్నాడు. అది పూర్తయితే ఇక్కడే రివ్యూ రాస్తాను, బాగోకపోతే బాగోలేదనే రాస్తాను.